అడిగాకే మోగే ఫోన్: స్పామ్ కాల్స్‌ను అడ్డుకునే సాధనాలపై సమీక్ష

అక్కర్లేని కాల్స్‌ను ఆపుతామని చెప్పుకునే సాధనాలకు ఇప్పుడు కొదవ లేదు. ఫోన్‌తో పాటే వచ్చే సెట్టింగులు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే యాప్‌లు, ల్యాండ్‌లైన్‌కు తగిలించే చిన్న పెట్టెలు, ఆ పెట్టె చేసే పనిని తమలోనే ఇముడ్చుకున్న కార్డ్‌లెస్ ఫోన్లు, ప్రభుత్వాల ఆధ్వర్యంలో నడిచే ‘మాకు ఫోన్ చేయవద్దు’ జాబితాలు, ఇవన్నీ ఇచ్చే హామీ ఒకటే అయినా దాన్ని నెరవేర్చే తీరులో చాలా తేడా ఉంది. మొబైల్‌లోనూ ఇంటి ఫోన్‌లోనూ వీటిలో చాలావాటిని వాడి చూశాక నాకు ఇవి రెండు తెగలుగా కనిపించాయి. వచ్చిన నంబరును చూసి అవతల ఉన్నది ఎవరో ఊహించేవి మొదటి తెగ. అవతలివారినే ‘మీరెవరు, ఏం పని మీద చేశారు’ అని అడిగి, జవాబు వచ్చాకే మన ఫోన్ మోగించేవి రెండో తెగ. పేరూ ప్రచారమూ మొదటి తెగకే ఎక్కువ. పని మాత్రం రెండోదే చేస్తోంది.

మొదటి తెగలో అందరికీ తెలిసినది బ్లాక్ బటన్. విసిగించిన నంబరును బ్లాక్ చేస్తే మనసుకు కాస్త ఊరటగా ఉంటుంది గానీ అంతకు మించి ఒరిగేది తక్కువ. ఇంటర్నెట్ ద్వారా కాల్స్ పంపే వ్యవస్థల్లో, అవతలి ఫోన్ తెర మీద ఏ నంబరు కనిపించాలో కాల్ చేసేవారే నింపే వీలుంది. ఆఫీసులో ఏ బల్ల మీది ఫోన్ నుంచి చేసినా సంస్థ ప్రధాన నంబరే కనిపించాలన్నంత మామూలు అవసరానికి పనికొచ్చే ఈ సౌలభ్యాన్ని మోసగాళ్ళు తమకు అనుకూలంగా మలచుకున్నారు. మన నంబరులోని మొదటి కొన్ని అంకెలతోనే మొదలయ్యే నంబరును చూపిస్తే, చుట్టుపక్కలవారెవరో అయి ఉంటారనుకుని మనం ఎత్తుతామని వారి లెక్క. ఆ నంబరు నిజంగా ఎవరిదో వారికి ఈ వ్యవహారమేమీ తెలియదు. కాబట్టి మనం బ్లాక్ చేసేది సంబంధం లేని మనిషిని; అసలువాడు మరో నంబరు తగిలించుకుని మళ్ళీ వస్తాడు. కనిపించిన నంబరుకు తిరిగి ఫోన్ చేసి దులిపేసేవారు కూడా ఉన్నారు గానీ, ఆ తిట్లు ఎవరికి తగులుతున్నాయో ఒకసారి ఆలోచించుకుంటే మంచిది. ఇక ఒక్క రింగు ఇచ్చి పెట్టేసే విదేశీ మిస్డ్ కాల్స్ విషయంలో మనం తిరిగి చేయడమే వారికి కావలసింది, ఎందుకంటే ఆ కాల్‌కు మన ఖాతాలో పడే అధిక ఛార్జీలో వారికి వాటా ముడుతుంది.

ఫోన్ చేసినవారి పేరు చూపించే కాలర్ ఐడీ యాప్‌లు ఇంతకన్నా ఒక మెట్టు పైన ఉంటాయి. 2009లో స్వీడన్‌లో మొదలైన ట్రూకాలర్ ఈ కోవలో ఎక్కువమందికి తెలిసినది. వాడేవాళ్ళంతా కలిసి స్పామ్ అని గుర్తు పెట్టిన నంబర్లను ఒకచోట చేర్చి, ఆ నంబరు నుంచి మరొకరికి కాల్ వెళ్ళినప్పుడు తెర ఎర్రబడేలా చేయడం దీని పని. చాలాకాలం ఒకే నంబరు వాడే కాల్ సెంటర్ల విషయంలో ఇది బాగానే పనికొస్తుంది. అయితే ఎవరో ఒకరు ముందు ఆ కాల్ ఎత్తి, విసుక్కుని, ఫిర్యాదు చేస్తేనే తరువాతివారికి హెచ్చరిక అందుతుంది గనుక, కొత్తగా పుట్టుకొచ్చిన నంబరు ముందు ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది: రోజంతా కొత్తవారికి ఫోన్ చేయడమే ఉద్యోగమైన కొరియర్ కుర్రాడి నంబరుకు నలుగురు చిరాకుగా స్పామ్ అని ముద్ర వేస్తే, ఆ ముద్ర అతన్ని వదలదు. మరో చిక్కు గోప్యతది. ఇలాంటి జాబితాలో మన పేరు ఉండటానికి మనం ఆ యాప్ వాడాల్సిన అవసరం కూడా లేదు. తన నంబరును తీసేయించుకునే వీలు ట్రూకాలర్ వెబ్‌సైట్‌లో ఉంది, అయితే ఖాతా ఉన్నవారు ముందు దాన్ని మూసేయాలి. ఎవరు చేశారో తెలుసుకోవడానికి ఈ యాప్‌లు మంచివే; రాకుండా ఆపడానికి మాత్రం వీటి మీద భారం వేయలేం.

ఊహించడం మానేసి, తెలియని ప్రతివారినీ బయటే నిలిపే పద్ధతి ఆపిల్ 2019లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13తో తెచ్చింది. ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ అనే ఈ సెట్టింగు పెట్టుకుంటే, కాంటాక్ట్స్‌లో ఉన్నవారు, మనం ఇంతకుముందు ఫోన్ చేసినవారు, మనకు వచ్చిన మెయిల్స్‌లోనో మెసేజ్‌లలోనో కనిపించిన నంబర్లవారు చేసినప్పుడే ఫోన్ మోగుతుంది. మిగిలినవన్నీ చప్పుడు లేకుండా వాయిస్‌మెయిల్‌కు వెళ్ళి, కాల్స్ జాబితాలో మాత్రం కనిపిస్తాయి. అత్యవసర నంబరుకు మనం ఫోన్ చేస్తే, వారు తిరిగి చేసినప్పుడు మోగేలా ఆ తరువాతి 24 గంటలు ఈ సెట్టింగు దానంతటదే పక్కకు తప్పుకుంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ ఏర్పాటు చేసినవారి ముందుచూపు మెచ్చుకోదగ్గది. ఇంతకన్నా ప్రశాంతత మరే సాధనమూ ఇవ్వదు. ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూసేవారికీ, ఆసుపత్రిలో మనిషిని ఉంచి వచ్చినవారికీ ఆ ప్రశాంతత మహా ప్రమాదకరం. అలాంటి రోజుల్లో దీన్ని తీసేయడం గుర్తుండాలి, గుర్తుండదు.

రెండో తెగ ఎందుకు మెరుగో అర్థం కావాలంటే అవతలి వైపు ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. పెద్ద కాల్ సెంటర్లలో మనుషులు కూర్చుని నంబర్లు నొక్కరు. డయలర్ అనే సాఫ్ట్‌వేర్, పిలిచినవారంతా ఎత్తరన్న అంచనాతో, అక్కడున్న ఉద్యోగుల సంఖ్య కన్నా ఎక్కువ నంబర్లకు ఒకేసారి కాల్స్ వేస్తుంది. ఎవరైనా ఎత్తి మాట్లాడితే ఖాళీగా ఉన్న ఉద్యోగికి కలుపుతుంది. మనం ‘హలో’ అన్న తరువాత ఏమీ వినిపించని ఆ కాస్త వ్యవధి, ఆ వెనక చిన్నగా ‘టక్’ మన్న శబ్దం, ఆ తరువాత ఒక్కసారిగా తెరుచుకునే గదినిండా గొంతుల రొద, ఇదంతా ఆ కలపడంలో భాగమే. అమెరికా టెలిమార్కెటింగ్ నిబంధనల్లో దీనికి లెక్క కూడా రాసి పెట్టారు: ఎత్తినవారు పలకరింపు ముగించిన 2 సెకన్లలోపు ఉద్యోగి లైన్‌లోకి రావాలి, అలా రాలేక వదిలేసే కాల్స్ 3 శాతానికి మించకూడదు. ఎత్తింది మనిషా ఆన్సరింగ్ మెషినా అన్నది కూడా చాలా డయలర్లు పలకరింపును బట్టే తేల్చుకుంటాయి. పొట్టి మాట, దాని వెనక నిశ్శబ్దం ఉంటే మనిషి. ఆపకుండా సాగే వాక్యాలైతే మెషిన్. ఇక్కడే అసలు కీలకం ఉంది. ఈ వ్యాపారమంతా ఒక్కో కాల్ మీద వీలైనంత తక్కువ సమయం పెట్టడం మీద నడుస్తుంది గనుక, ఫోన్ చేసినవారికి చిన్న పని అప్పగించినా వారి లెక్క తప్పుతుంది.

గూగుల్ 2018లో తన పిక్సెల్ 3 ఫోన్‌తో పాటు ప్రకటించిన ‘కాల్ స్క్రీన్’ సరిగ్గా ఆ పనే అప్పగించింది. మొదట అమెరికాలో వచ్చిన ఈ సదుపాయంలో, కాల్ వచ్చినప్పుడు బటన్ నొక్కితే గూగుల్ అసిస్టెంట్ మన బదులు ఎత్తి, ఈ ఫోన్ యజమాని కాల్స్‌ను వడపోసే సేవ వాడుతున్నారని చెప్పి, పేరూ పనీ చెప్పమని అడుగుతుంది. అవతలివారు చెప్పేది తెర మీద అక్షరాలుగా పడుతుంది. చదివి, కావాలనుకుంటే ఎత్తవచ్చు, లేకుంటే పెట్టేయవచ్చు. తరువాత కొన్నిచోట్ల బటన్ నొక్కే పని కూడా లేకుండా తానే ఎత్తి అడిగేలా మార్చారు. ఆపిల్ కూడా 2025లో ఐఓఎస్ 26తో ఇదే దారికి వచ్చింది: తెలియని నంబర్ల విషయంలో మామూలుగా మోగించాలా, కారణం అడగాలా, నోరు మూయించాలా అన్నది సెట్టింగుల్లో మనమే ఎంచుకోవచ్చు. తలుపు తీయకుండానే లోపలి నుంచి ‘ఎవరూ?’ అని కేకేసే మన పాత అలవాటే ఇది, యంత్రం చేత వేయిస్తున్నాం అంతే.

వాడుకలో ఇది ఎలా ఉంటుందో చెప్పాలి. అమ్మకాల కాల్స్‌లో ఎక్కువ భాగం ప్రశ్న పూర్తికాకముందే తెగిపోతాయి; తెర మీద ఒక్క అక్షరమైనా పడదు. ముందే రికార్డు చేసిన సందేశాలు మరో రకం. వాటికి ఎదుటివారు ఏమన్నారో వినే అలవాటు లేదు గనుక, అసిస్టెంట్ ప్రశ్న అడుగుతుండగానే అవి తమ పాఠం మొదలుపెడతాయి. అందుకని తెర మీద వాక్యం నడిమధ్య నుంచి ఊడిపడుతుంది: ‘...మీ ఖాతాకు ముందే మంజూరైన రుణం కోసం ఒకటి నొక్కండి’ అని. నిజమైన మనిషి అయితే ఒక క్షణం తటపటాయించి ‘ఆ... నేను ఫలానా, మీ పార్సిల్ తెచ్చాను’ అంటాడు. ఆ తటపటాయింపు కూడా అక్షరాల్లోకి దిగుతుంది, చూడగానే మనిషని తెలిసిపోతుంది. వరుసగా కొన్ని చదివితే ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి చదవనక్కర్లేదు, ఆ వాక్యం ఆకారమే చాలు.

లోపాలు లేకపోలేదు. ఈ సదుపాయం అన్ని దేశాల్లోనూ అన్ని భాషల్లోనూ లేదు, పాత ఫోన్లలో అసలే రాదు. పేర్లను యంత్రం తరచు తప్పుగా వింటుంది. యంత్రంతో మాట్లాడటం ఇష్టం లేని పెద్దవారు, ఒకదాని వెనక ఒకటిగా పదిమందికి ఫోన్ చేయాల్సిన క్లినిక్ సిబ్బంది, ప్రశ్న వినగానే పెట్టేస్తారు. వారిని తప్పు పట్టలేం. కాబట్టి మనకు కావలసిన ఇలాంటివారి నంబర్లను ముందే కాంటాక్ట్స్‌లో చేర్చుకోవడం ఈ సాధనం మనకు తెచ్చిపెట్టే అదనపు పని. ఆ పని చేయని ఇంట్లో దీన్ని పెట్టమని నేను సలహా ఇవ్వను.

ఇంటి ఫోన్ దగ్గరికి వస్తే పరిస్థితి ఇంకా మొండిది. మొబైల్‌లో కాల్ మోగకముందే నంబరు తెలుస్తుంది. ల్యాండ్‌లైన్‌లో అలా కాదు. అమెరికాలోనూ ఆ పద్ధతి పాటించే ఇతర చోట్లా కాలర్ ఐడీ సమాచారం మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య వస్తుంది. గోడకు ఉన్న సాకెట్‌కూ ఫోన్‌కూ మధ్య తగిలించే కాల్ బ్లాకర్ పెట్టెకు కూడా అప్పటిదాకా ఏమీ తెలియదు. అందుకే ‘బ్లాక్ చేశాను’ అనుకున్న కాల్ కూడా ఒక్క రింగు ఇచ్చి ఆగుతుంది, నిద్రపోతున్న మనిషి లేచి కూర్చోవడానికి ఆ ఒక్కటి చాలు. కొనేముందు చూసుకోవలసిన మరో సంగతి, ఇవి పనిచేయాలంటే ఫోన్ కంపెనీ నుంచి కాలర్ ఐడీ సేవ ఉండి తీరాలి. అది లేకపోతే పెట్టె వట్టి అలంకారం.

ఈ ఒక్క రింగు సమస్యకు చిత్రమైన పరిష్కారం 2013లో వచ్చింది. రికార్డెడ్ కాల్స్‌ను ఆపే ఉపాయం చెప్పినవారికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బహుమతి ప్రకటిస్తే, గెలిచిన ఆలోచనల్లో ఒకటి నోమోరోబో అనే సేవగా మారింది. ఇంటికి వచ్చే కాల్ ఏకకాలంలో ఈ సేవ కంప్యూటర్‌లో కూడా మోగుతుంది. నంబరు నిషిద్ధ జాబితాలో ఉంటే, మొదటి రింగు కాగానే కంప్యూటరే ఎత్తి పెట్టేస్తుంది. ఇక్కడా ఆ రింగు తప్పలేదు గానీ, రెండోది మోగితేనే ఎత్తాలన్న నియమం ఇంట్లో పెట్టుకోవచ్చు. తెలివైన పనే, కానీ ఇదీ జాబితాను నమ్ముకున్నదే గనుక మొదటి తెగ బలహీనత దీనికీ తప్పదు.

ఇంటి ఫోన్‌కు నేను సిఫారసు చేసేది అడిగే రకం. బ్రిటన్‌లో టెలికాం సంస్థ బీటీ అమ్మే కొన్ని ఫోన్లలో ఉన్న ‘కాల్ గార్డియన్’, వీటెక్ ఫోన్లలోని ‘స్మార్ట్ కాల్ బ్లాకర్’ ఈ కోవలోవి. జాబితాలో లేని నంబరు వస్తే, ఫోన్ తానే ఎత్తి పేరు చెప్పమంటుంది, హ్యాష్ మీట నొక్కమంటుంది. మీట నొక్కడానికి వేలు లేని రికార్డెడ్ సందేశం అక్కడే ఆగిపోతుంది. మనిషి అయితే తన గొంతుతో చెప్పిన పేరు మనకు వినిపిస్తుంది. కలపమనో, వద్దనో, ఇక ఎప్పటికీ వద్దనో మనం మీట నొక్కి చెప్పవచ్చు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారికి ఇంతకన్నా పనికొచ్చే పరికరం ఫోన్ల దుకాణంలో మరొకటి నాకు కనిపించలేదు. కనిపించే నంబరు నిజమా నకిలీనా అన్న ప్రశ్నే ఇక్కడ చాలావరకు తలెత్తదు.

తయారీదారు పేరు అనవసరం గానీ, నేను వాడిన ఒక పెట్టె గురించి మాత్రం ఫిర్యాదు ఉంది. అనుమతించిన నంబర్లను అందులో చేర్చాలంటే మసక తెర మీద బాణం గుర్తులతో ఒక్కో అంకే ఎక్కించాలి, మధ్యలో తప్పు పడితే మళ్ళీ మొదటికి రావాలి. దాని పలకరింపు గొంతు మరీ సన్నగా, హడావుడిగా ఉండటంతో, ఏం చేయాలో అర్థంకాక చుట్టాలు ఫోన్ పెట్టేసేవారు. ఆసుపత్రులూ బ్యాంకులూ చేసే కాల్స్ వారు మనకిచ్చిన నంబరు నుంచే రావన్నది మరో తలనొప్పి. జాబితాలో శ్రద్ధగా ఎక్కించిన నంబరు ఒకటి, మోగేది మరొకటి. కొనేటప్పుడు పలకరింపును సొంత గొంతుతో రికార్డు చేసుకునే వీలుందో లేదో చూసుకోవడం మంచిది. ఇంటి మనిషి గొంతు వింటే అయినవారు ఆగి జవాబు చెబుతారు.

ప్రభుత్వ జాబితాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో 1999 నుంచి, అమెరికాలో 2003 నుంచి, భారత్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 2007 నుంచి, కెనడాలో 2008 నుంచి ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. నమోదు చేసుకోవాలి, సందేహం లేదు. చట్టానికి భయపడే సంస్థలు ఆగుతాయి. చట్టానికి భయపడనివారి కోసం కాదు అవి. కాల్ పుట్టిన చోటే నంబరు నిజమని ఫోన్ కంపెనీ డిజిటల్ సంతకం చేసి పంపే స్టిర్-షేకెన్ పద్ధతికి ఇంతకన్నా విలువ ఉంది. అమెరికాలో పెద్ద కంపెనీలు దీన్ని 2021 జూన్ 30 నాటికి అమలు చేయాల్సి వచ్చింది, కెనడాలో అదే ఏడాది నవంబరు 30 నాటికి. కాల్ చేసినవారెవరో, ఆ నంబరు వాడే హక్కు వారికుందో రెండూ తెలిస్తే ఒక స్థాయి, మనిషి మాత్రమే తెలిస్తే మరొకటి, ఎక్కడి నుంచో వచ్చినదాన్ని ముందుకు పంపుతున్నామంటే ఇంకొకటి, ఇలా మూడు స్థాయుల్లో సంతకం ఉంటుంది. అయితే దారిలో ఎక్కడైనా పాతకాలపు ఎక్స్‌ఛేంజి తగిలితే ఆ సంతకం రాలిపోతుంది. పైగా సంతకం నంబరుకే గానీ ఉద్దేశానికి కాదు. నిజమైన నంబరు నుంచే అబద్ధాలు చెప్పేవారిని అది ఆపదు.

అడిగే సాధనాలకు ముందు ముందు ఎదురయ్యే పరీక్ష కృత్రిమ గొంతులు. ప్రశ్నకు తగిన జవాబు చెప్పగల యంత్రం అవతల ఉంటే, మీట నొక్కమన్నంత మాత్రాన అది ఆగదు. ఏఐ తయారుచేసిన గొంతుతో ముందస్తు అనుమతి లేకుండా రికార్డెడ్ కాల్స్ చేయడం చట్టవిరుద్ధమని అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది గానీ, పైన చెప్పిన భయంలేనివారికి ఇదీ అడ్డు కాదు. అదే ఏడాది నవంబరులో బ్రిటన్‌కు చెందిన మొబైల్ కంపెనీ ఓ2 ఈ ఆయుధాన్నే ఎదురు తిప్పింది: డైసీ అనే ఏఐ బామ్మ మోసగాళ్ళ కాల్స్ ఎత్తి, పిల్లి గురించీ అల్లికల గురించీ తీరిగ్గా కబుర్లు చెబుతూ వారి సమయం తినేస్తుంది. వినడానికి సరదాగా ఉంది; నా ఫోన్‌లో పెట్టుకునే వీలైతే మరీ బాగుండేది.

అంతవరకూ, పేరూ పనీ నమ్మబలికే విధంగా చెప్పిన కాల్ విషయంలో మనమే జాగ్రత్త పడాలి. ‘బ్యాంకు నుంచి, మీ కార్డు మీద అనుమానాస్పద లావాదేవీ’ అని తెర మీద పడితే నేను ఎత్తను. కార్డు వెనక అచ్చువేసిన నంబరుకు నేనే చేస్తాను. అదే కాల్ ఇంటి ఫోన్‌కు వస్తే, తిరిగి చేసేటప్పుడు ఆ ఫోన్ వాడను. కొన్ని ల్యాండ్‌లైన్ ఎక్స్‌ఛేంజీల్లో మనం రిసీవర్ పెట్టేసినా, ఫోన్ చేసినవాడు పెట్టేదాకా లైన్ కాసేపు తెగదు. వాడు నకిలీ డయల్ టోన్ వినిపిస్తే, మనం బ్యాంకు నంబరు నొక్కి తిరిగి వాడితోనే మాట్లాడతాం. బ్రిటన్‌లో ఈ ఎత్తుతో చాలామందిని మోసగించాక అక్కడి కంపెనీలు లైన్ తెగే వ్యవధిని బాగా తగ్గించాయి. మీ ఎక్స్‌ఛేంజిలో ఆ వ్యవధి ఎంతో ఫోన్ కంపెనీని అడగవచ్చు. అడిగే ఓపిక లేకపోతే ఆ ఒక్క కాల్ మొబైల్ నుంచి చేసుకోవడం తేలిక.